బొగ్గుసీమలో వరిమడి ఊపిరి

గోదావరిఖని భూగర్భ గనులలో పనిచేసిన పాతతరము వారికి సేఫ్టీ దీపమును గూర్చి మేము చెప్పనక్కరలేదు. సన్నని తీగజాలి కప్పిన చిన్నదీపము అది. మైనింగ్ సర్దారు దానిని చేతబట్టి, కార్మికులకంటె ముందుగా పనిచోటికి పోయి, వత్తి తగ్గించి, పైకప్పు దరికి మెల్లగా ఎత్తి చూచెడివాడు. మంటపై లేత నీలిరంగు టోపీ వంటిది కనబడినచో అచ్చట మీథేను చేరినదని గుర్తు. ఆ వాయువు గాలిలో నూటికి 5 పాళ్ళు మొదలు 15 పాళ్ళ వరకు కలిసియున్నపుడు నిప్పురవ్వ తగిలినంతనే పేలును. 1815లో ఇంగ్లండు దేశమున హంఫ్రీ డేవీ నిర్మించిన దీపమునకు ఇది సంతతి. ఇప్పుడు విద్యుత్ పరికరములు వచ్చినవి. అయినను వాయువు జాడ తీయుట అనగానే ఆ తరమువారి కన్నులయెదుట మెదలునది ఆ నీలిటోపీయే.

అదే వాయువు గనికి పైన, పట్టపగటివేళ, వరిమడినుండి వెలువడుచున్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఆరుబయట పేలునను భయము లేదు. కనుక దీపము పట్టి చూచువారును లేరు. రామగుండమున పొగ అనగానే మనము పొగగొట్టముల వంక చూతుము. చూడవలసినదే. కాని ఆ గొట్టములకు కూతవేటు దూరమునుండి పెద్దపల్లి, సుల్తానాబాదు, మంథని వైపు పరచుకొన్న పచ్చని మళ్ళు కూడ గడచిన అరువది యేండ్లలో తమ ఊపిరిని పెంచుకొనుచు వచ్చినవి. ఆ పెరుగుదలకు కారణమేమి, దానికి రైతును ఎంతవరకు తప్పుపట్టవచ్చును అనునవి నేటి మా విషయము.

మీథేను పుట్టుక పెద్ద రహస్యము కాదు. 1776లో ఇటలీ దేశపు వోల్టా, తరువాత విద్యుత్ ఘటమును కనిపెట్టిన ఆయనయే, మజోరె సరస్సు ఒడ్డున బురదను కఱ్ఱతో కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, అది మండెడి వాయువని తెలిసికొనెను. దమ్ము చేసి నీరు నిలిపిన మడిలో జరుగునదియు అదే. నీరు నిలిచిన కొద్దిరోజులకు బురదలోని ప్రాణవాయువు అయిపోవును. అది లేనిచోటనే బ్రదుకు సూక్ష్మజీవులు కొన్ని కలవు. కుళ్ళుచున్న కొయ్యకాళ్ళు, వేళ్ళు, పెంటయెరువు వాటికి ఆహారము. ఆ భోజనమునకు చివర విడుచునది మీథేను. అందు కొంత బుడగలై పైకి వచ్చును. కాని అధికభాగము వరిమొక్క లోపలినుండియే పోవును. నీటిలో నిలిచిన వేళ్ళకు గాలి అందించుటకై ప్రకృతి వరికాడలో సన్నని గొట్టముల వంటి దారులను అమర్చినది. గాలి క్రిందికి దిగు ఆ దారినే మీథేను పైకెక్కును. గనికి గాలి లోనికి పోవు మార్గమొకటి, వెలుపలికి వచ్చు మార్గమొకటి ఉండవలెను. వరిమొక్క రెండు పనులను ఒక్క దారితోనే జరుపుకొనుచున్నది.

బొగ్గునకును వరిమడికిని చుట్టరికము ఇంతటితో పోలేదు. గోదావరి లోయలోని బొగ్గు సుమారు 25 కోట్ల యేండ్లకు పూర్వపు చిత్తడి అడవుల శేషము. ఆనాటి చెట్టుచేమలు బురదలో చిక్కి, మట్టిక్రింద నలిగి బొగ్గుగా మారునపుడు పుట్టిన మీథేను నేటికిని ఆ పొరలలో దాగియున్నది. ఈనాటి బురదలో పుట్టినది ఈ సాయంకాలమే గాలిలో కలియుచున్నది. సర్దారు దీపమునకు చిక్కినది తాత. మడిలో బుడబుడలాడునది మనుమడు.

పొలమునుండి వెలువడు హరితగృహ వాయువులలో రెండవది నైట్రస్ ఆక్సైడు. యూరియా మొదలగు ఎరువులలోని నత్రజనిని పైరు వాడుకొనగా నేలలో మిగిలినదానినుండి ఇది పుట్టును. ఈ వాయువులు ఎండను లోనికి రానిచ్చి, భూమి తిరిగి పైకి విడుచు వేడిని మాత్రము పట్టి నిలుపును. బొగ్గుపులుసు వాయువును ప్రమాణముగా పెట్టుకొని నూరేండ్ల లెక్క చూచినచో కిలో మీథేను సుమారు 27 కిలోలకును, కిలో నైట్రస్ ఆక్సైడు 273 కిలోలకును సమానము. 2016వ సంవత్సరమున మన దేశము విడిచిన మొత్తములో ఇంధనముల పాలు నూటికి 75, వ్యవసాయపు పాలు 14కు కొంచెము పైన. ఆ వ్యవసాయపు పాలులో సగమునకు మించి పశువుల నెమరువలన, ఆరవవంతునకు మించి వరిపొలములవలన, ఐదవవంతు వరకు ఎరువులు వేసిన నేలలవలన కలిగినవి.

ఇక ఈ సీమ కథ. నేటి పెద్దపల్లి జిల్లా 2016 వరకు కరీంనగరు జిల్లాలోని భాగము. అరువది యేండ్ల క్రిందట ఇచ్చట వరి అనగా చెరువు క్రింది వరి, మోటబావి క్రింది వరి. వానలు కురిసి చెరువు నిండినచో మడి; లేనిచో బీడు. మెట్టచేలలో జొన్న, మొక్కజొన్న, పెసలు, నువ్వులు. యాసంగిలో వరి నాటుట చెరువులో నీరు మిగిలినవారికి మాత్రమే దక్కు భాగ్యము. పొలమునకు వేయునది పెంటయెరువు, చెరువుమట్టి, పచ్చిరొట్ట. పెంటయెరువు పడిన మడిలో నీరు నిలిచినచో మీథేను తగ్గదు సరికదా, మరింత హెచ్చును. కావున ఆనాటి ఎకరా నేటి ఎకరాకంటె పరిశుద్ధమైనదని భ్రమపడరాదు. పాతకాలమును పొగడుట మనకు అలవాటు కనుక ఈ మాట చెప్పవలసివచ్చినది. ఆనాడు ఎకరములు తక్కువ, నీరు నిలుచు రోజులు తక్కువ, అంతియే.

తరువాత రెండు మార్పులు ఇంచుమించు ఒకే కాలమున వచ్చినవి. ఒకటి నీరు, మరియొకటి బొగ్గు. 1963 జూలై 26వ తేదీన పోచంపాడు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట, తరువాత శ్రీరాంసాగరు అను పేరు పొంది, కాకతీయ కాలువ ద్వారా ఈ భూములకు గోదావరి నీటిని పంపెను. డి-83, డి-86 అను ఉపకాలువల పేర్లు ఇచ్చటి రైతులకు ఇంటిపేర్లవలె నోట నానినవి. బొగ్గు పక్షమున, సింగరేణి సంస్థ 1920లోనే ఏర్పడినను, గోదావరిఖని గనులు తెరువబడినది 1960వ దశాబ్దమున. 1971లో రామగుండమున 62.5 మెగావాట్ల విద్యుత్ కేంద్రము వెలసెను. 1983 మొదలు ఎన్టీపీసీ వారి కేంద్రము పనిచేయసాగి, క్రమముగా 2600 మెగావాట్లకు పెరిగెను. దాని ప్రక్కనే 2023, 2024 సంవత్సరములలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చినవి.

ఈ రెండు కథలను వేరువేరుగా చెప్పుట వాడుక. మా అభిప్రాయమున అవి ఒకే కథ. కాలువ రానిచోట మడిని తడిపినది కరెంటు మోటారు. కరెంటునకు మూలము బొగ్గు. మోటబావి స్థానమున మోటారు, మోటారు అందని లోతునకు బోరు, బోరునకు కరెంటు. ఈ వరుసలో మెట్టచేను ఒక్కొక్కటే మడిగా మారెను. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణ రాష్ట్రమున వ్యవసాయమునకు ఉచితముగా ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ప్రకటింపబడెను. అర్ధరాత్రి పాములు తిరుగు గట్లవెంట మోటారు వేయబోవు బాధ తప్పినదని రైతు సంతోషించెను. అది న్యాయమైన సంతోషము. అయితే అంతకుముందే, కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియని రోజులలో, మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగింపబడియుండెను. ఇరువదినాలుగు గంటలు కరెంటు ఉన్నపుడు ఆటోస్టార్టరు ఏమి చేయును? మడి నిండినను నీరు పోయుచునేయుండును. వాటిని తీసివేయుడని ప్రభుత్వమువారు రైతులను కోరవలసివచ్చెను.

ఎత్తిపోతలు మరియొక మెట్టు. రామగుండమునకు ఎగువన గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము 20 టీఎంసీల నీటిని నిలుపును. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరము పథకములో దిగువనుండి వచ్చిన నీటిని గోలివాడ వద్ద ఎల్లంపల్లికిని, అచ్చటినుండి నంది మేడారము వద్ద ఇంకను పైకిని ఎత్తుటకు ఏర్పాటు చేసిరి. నంది మేడారమునందలి మోటార్లు ఏడు. ఒక్కొక్కటి 124 మెగావాట్లు దాటినది. 1971లో ఈ ప్రాంతమంతయు గొప్పగా చెప్పుకొన్న ఆ పాత కేంద్రము వంటివి రెండు కలిసినగాని అందులోని ఒక్క మోటారు తిరుగదు. బొగ్గు కాలి నీరు పైకెక్కుట అనగా ఇదియే. 2023 అక్టోబరున మేడిగడ్డ వద్ద స్తంభములు క్రుంగి ఆ పథకమునకు పెద్ద అడ్డు వచ్చినది. అయినను వరి ఆగలేదు. 2024 వానాకాలమున రాష్ట్రమున 66 లక్షల ఎకరములకు పైగా వరి నాటిరి.

అంకెల మాట వచ్చినది కనుక ఒక హెచ్చరిక. తెలంగాణమున రెండు కార్లకు కలిపి 2014-15లో సుమారు 35 లక్షల ఎకరములుగా ఉన్న వరి 2020-21 నాటికి కోటి ఎకరములు దాటినది. ఇది మూడురెట్లు. కాని 2014-15 వానలు లేని యేడు. మరుసటి యేడు అంతకంటె హీనము. కరువు సంవత్సరమును మొదలుగా పెట్టుకొని కొలిచినచో ఏ గీతయైనను నిటారుగా లేచును. ఆ లోపమును తీసివేసినను పెరుగుదల నిజము, ఘనము. మరియొక సంగతి కూడ చూడుడు. 2021-22 యాసంగిలో ఉప్పుడు బియ్యము కొనుగోలుపై వివాదము వచ్చి, కొనుగోలు కేంద్రములు ఉండవని ప్రకటన వెలువడగా, ఆ ఒక్క కారున వరి విస్తీర్ణము బాగుగా తగ్గినది. మడినుండి వెలువడు వాయువును వాతావరణ శాస్త్రజ్ఞులు శాసించుట లేదు. కొనువాడున్నాడా, కాంటా పడునా అనునదియే శాసించుచున్నది. మద్దతు ధరకు నిశ్చయముగా అమ్ముడుపోవు పంట వరి. పెసలు, నువ్వులకు ఆ ధీమా లేదు. రైతు వరి వైపు మొగ్గుటలో అత్యాశ ఏమియు లేదు.

ఇచ్చట ఒక పాత తగవు చెప్పవలెను. 1990 ప్రాంతమున అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థవారి లెక్క ప్రకారము భారతదేశపు వరిపొలములు ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేనును విడుచుచున్నవి. ఆ అంకెను నమ్మినచో భూగోళము వేడెక్కుటకు ముఖ్యదోషి మన రైతు. ఆ లెక్క మన మళ్ళను కొలిచి కట్టినది కాదు. ఎప్పుడును నీరు వీడని, సేంద్రియ పదార్థము మెండుగాగల పాశ్చాత్యదేశపు పొలములలో తీసిన కొలతలను మన విస్తీర్ణముతో గుణించి తేల్చినది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన అశేష్ ప్రసాద్ మిత్ర మొదలగువారు దీనికి సమాధానము వాదముతో గాక కొలతతో చెప్పదలచిరి. 1991లో దేశమందలి పలు వరిసీమలలో మొక్కలపై పారదర్శకమైన పెట్టెలు బోర్లించి, నిర్ణీత వ్యవధులలో సిరంజితో గాలిని తీసి, ప్రయోగశాలలో పరీక్షించిరి. తేలినది సుమారు 40 లక్షల టన్నులు. మొదటి అంకెలో తొమ్మిదవవంతు! మన పొలములలో అధికభాగము నడుమనడుమ ఆరుచుండును. సేంద్రియ పదార్థము తక్కువ. వానపై ఆధారపడిన వరి ఎంతయో కలదు. ఈ మూడును పెట్టెలు బోర్లించి చూచినగాని తెలియలేదు. కొలువక మునుపు నేరము మోపరాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు తెలియదు. అయితే ఇందొక చిక్కును కలదు. నాడు మనలను కాపాడిన ఆ ఆరుట, కాలువ క్రింద, ఇరువదినాలుగు గంటల మోటారు క్రింద, కరగిపోవుచున్నది. 1991 నాటి కొలతను చూపి 2020 నాటి మడికి సాక్ష్యము చెప్పుకొనరాదు.

ఒక ఎకరపు లెక్కను మనమే కట్టి చూతము. దక్షిణాసియాలో నిరంతరము నీరు నిలిచిన వరికి ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన వాతావరణ సంఘమువారు 2019లో సూచించిన సగటు హెక్టారుకు రోజునకు 850 గ్రాముల మీథేను. అనగా ఎకరమునకు ఇంచుమించు 345 గ్రాములు. పైరు 110 రోజులు నీటిలో నిలిచినచో 38 కిలోలు. బొగ్గుపులుసు వాయువు లెక్కకు మార్చినచో సుమారు ఒక టన్ను.

ఇది ఎక్కువా, తక్కువా? బొగ్గు విద్యుత్తు ఒక యూనిట్‌కు ఇంచుమించు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడును. 2600 మెగావాట్ల కేంద్రము పూర్తిబలముతో ఒక గంట నడచినచో 26 లక్షల యూనిట్లు. అనగా 2600 టన్నులు. కావున 2600 ఎకరముల వరి ఒక కారంతయు విడిచినది ఆ కేంద్రపు ఒక గంట పనికి సమానము. రైతును ముందుగా బోనులో నిలువబెట్టువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను. అయితే రాష్ట్రమంతటి కోటి ఎకరములను ఇట్లే లెక్కించినచో ఆ కేంద్రము నూట అరువది రోజులు విడువక నడచినదానికి సరిపోవును. చిన్నది కాదు మరి.

బోరు క్రింది మడికి ఇంకొక పద్దు కలదు. అయిదు గుఱ్ఱముల బలముగల మోటారు రెండెకరముల యాసంగి వరికి రోజునకు ఆరేసి గంటలు, నూరు రోజులు నడచినదనుకొనుడు. ఎకరమునకు సుమారు 1100 యూనిట్లు. ఆ కరెంటంతయు బొగ్గుదే అయినచో మరియొక టన్నునకు పైన. అనగా మడి ఎంత విడుచుచున్నదో, దానిని తడుపుటకు ఎక్కడనో కాలిన బొగ్గును అంత విడుచుచున్నది. మొదటిది వ్యవసాయపు ఖాతాలో వ్రాయబడును. రెండవది విద్యుత్ ఖాతాలో. నీరు మాత్రము ఒక్కటే. నీరు నిలుచు రోజులు తగ్గినచో రెండు పద్దులును ఒకేమారు తగ్గును. ఈ సీమ ప్రత్యేకత ఇదియేనని మా మనవి.

యూరియా ముచ్చట క్లుప్తముగా చెప్పెదము. రామగుండమున 1980 నవంబరున ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారము బొగ్గునుండియే యూరియా తీయుటకు కట్టినది. బొగ్గును వాయువుగా మార్చి, దానినుండి అమ్మోనియా, అందుండి యూరియా. ఆశయము గొప్పదే కాని అది నిలువలేదు; 1999 మార్చితో మూతపడెను. అదే స్థలమున సహజవాయువుతో నడచు కొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తికి వచ్చినది. రోజునకు 3850 టన్నుల యూరియా తీయు శక్తి దానిది. మొక్కజొన్న చేనికి ఎకరమునకు రెండు బస్తాలు వేసినచో నైట్రస్ ఆక్సైడు రూపమున పోవునది బొగ్గుపులుసు వాయువు లెక్కలో సుమారు 180 కిలోలు. నిలువనీటి వరిలో అందు సగమునకు తక్కువ. 2015 నుండి యూరియాకంతటికి వేపనూనె పూత తప్పనిసరి అయినది; దానివలన నత్రజని మెల్లగా విడుదలయగును. వేసిన యూరియా గాలిపాలగుట రైతునకు వాయువుల లెక్కకంటె ముందు డబ్బు నష్టము.

పశువుల సంగతి వేరొక ప్రసంగమునకు తగినంత ఉన్నది. ట్రాక్టరు వచ్చి నాగటియెద్దును వెళ్ళగొట్టినది. ఆ మేరకు నెమరు మీథేను తగ్గినది. మరియొక వంక 2017లో ఆరంభించిన పంపిణీ తరువాత 2019 పశుగణనలో రాష్ట్రపు గొఱ్ఱెలు 190 లక్షలకు చేరినవి. హార్వెస్టరు యంత్రము కోసిన పొలములో మిగులు గడ్డికి నిప్పు పెట్టుటయు ఈ యేండ్లలో పెరిగిన దుర్వాడుక. కాల్చక, నీరు పెట్టుటకు ముందురోజు పచ్చిగా దున్నినచో అదియే మీథేనునకు మేత. కోత అయిన వెంటనే పొడినేలలో కలియదున్ని, వానలవరకు చివుకనిచ్చుట మేలు. యాసంగి కోతకును వానాకాలపు దమ్మునకును నడుమ ఆ వ్యవధి మన పంటక్రమములోనే ఉన్నది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతయు తగ్గించుటవలన ప్రయోజనమేమి? మీథేనునకు ఒక గుణము కలదు: అది గాలిలో నిలుచునది సుమారు పన్నెండేండ్లే. నైట్రస్ ఆక్సైడు నూరేండ్లు దాటి నిలుచును. బొగ్గుపులుసు వాయువులో గణనీయమైన భాగము వందలాది యేండ్లు పోదు. నేడు కాలిన బొగ్గు భారమును మన మునిమనుమలు కూడ మోయుదురు. నేడు మడి విడిచిన మీథేనును చాలవరకు మనమే, మన జీవితకాలముననే, వదిలించుకొందుము. వరి విస్తీర్ణము స్థిరముగా ఉన్నచో గాలిలో దాని మీథేను కొంతకాలమునకు ఒక మట్టమున నిలుచును. మూడురెట్లయినచో మట్టము లేచును. తగ్గించినచో ఇరువది యేండ్లలోపుననే దిగుట కనబడును. కావుననే ఎంత విడుచుచున్నామనుటకంటె, ఏ దిక్కునకు పోవుచున్నామనుట ఇచ్చట ముఖ్యము. 2021లో గ్లాస్గో నగరమున పలుదేశములు 2030 నాటికి మీథేనును నూటికి 30 పాళ్ళు తగ్గింతుమని ప్రతిన పూనినవి. చిన్నరైతుల జీవనముతో ముడిపడిన విషయమని మన దేశము అందు చేరలేదు. ఆ జాగ్రత్త సరియైనదే. కాని ప్రతినకు దూరముగా నుండుట ప్రయత్నమునకు దూరముగా నుండుట కానక్కరలేదు.

ప్రయత్నము కష్టమైనది కాదు. నారు కుదురుకొన్న తరువాత మడిని అప్పుడప్పుడు ఆరనిచ్చి తిరిగి తడుపుటయే. ఫిలిప్పీనులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు దీనికి ఒక జానెడున్నర గొట్టమును సూచించిరి. ముప్పది సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టమునకు క్రిందిభాగమున రంధ్రములు చేసి, సగము మడిలో పాతవలెను. గొట్టములో నీరు నేలమట్టమునకు పదునైదు సెంటీమీటర్లు దిగిన తరువాతనే మరల నీరు పెట్టవలెను. పూత దశలో మాత్రము ఆరనీయరాదు. ఒకమారు ఆరినచో మీథేను నూటికి 29 పాళ్ళు, పలుమార్లు ఆరినచో 45 పాళ్ళు తగ్గునని ఆ 2019 నాటి సూచనలే చెప్పుచున్నవి. ఆరినపుడు నైట్రస్ ఆక్సైడు కొంత పెరుగును. మీథేను తగ్గుదలతో పోల్చిన అది స్వల్పము. తక్కువ కాలపు వంగడములును తోడ్పడును. ఈ జిల్లాలోని కూనారం పరిశోధనా కేంద్రమునుండి వచ్చిన కూనారం సన్నాలు నాలుగు నెలలలో చేతికి వచ్చును. దీర్ఘకాలపు రకముతో పోల్చిన మూడు నాలుగు వారములు మడికి నీటి అవసరము తప్పును.

ఇంత సులభమైనచో ఏల జరుగుట లేదు? కరెంటు ఉచితము కనుక నీరు ఆదా చేసినవానికి చేతికి వచ్చునదేమియు లేదు. మడి ఆరినచో కలుపు లేచును, కూలి పెరుగును. ఇవి చిన్న కారణములు. పెద్ద కారణము మేము గత వానాకాలమున కాలువ చివరి ఊరొకదానిలో చూచితిమి.

అచ్చట ఒక వృద్ధుడు రెండెకరములు చేయుచున్నాడు. ముప్పదియేండ్లు గనిలో పనిచేసి విరమించినవాడు. మడి నడుమ గొట్టము పాతి ఉన్నది. ఎవరో ఇచ్చి పోయిరట. ఆయన మడిలో కాలుమోపగా పాదముల చుట్టును బుడగలు లేచినవి. అవి ఏమిటో మేము చెప్పితిమి. ఆయన కొంతసేపు బుడగలనే చూచెను. ఇచ్చటివారు గనిని బాయి అందురు.

"బాయిల గ్యాస్ కనవడితే మందినంత బయటికి పంపిచ్చేటోళ్ళం. ఈడ ఎవల్ని పంపుదం సార్?" అనెను.

మడిని ఒక వారము ఆరనిచ్చిన చాలునని, పైరునకు నష్టము లేదని మేము వివరించితిమి. ఆయన కాదనలేదు. గొట్టములోనికి వంగి చూచెను. నీరు నేలకు నాలుగు వ్రేళ్ళ పైననే ఉన్నది. కాలువనీరు వంతులవారీగా వదలుచున్నారు. కొన్ని రోజులు పారును, కొన్ని రోజులు కట్టివేయుదురు. ఎగువవారందరు పెట్టుకొనగా మిగిలినది ఈ చివరకు చేరవలెను. క్రిందటి వంతు నీరు ఇచ్చటికి రానేలేదట.

"నీళ్ళు మళ్ళ ఫలానా దినం వస్తయని ఎవలన్న నమ్మిక చెప్తె ఇప్పుడే ఇడుస్త," అని ఆయన మా ముఖము వంక చూచెను. ఆ మాట ఇచ్చుటకు మాకు అధికారము లేదు. కాలువ మరునాడు కట్టివేయుదురని ఊరిలో చెప్పుకొనుచున్నారు. ఆయన పార అందుకొని, ఒడ్డుకు పడిన చిన్న గండిలో రెండు పారల బురద వేసి, కాలితో గట్టిగా తొక్కెను.